సమాచార భాండాగారానికి నాడి పరీక్ష

విద్యార్థులారా!

మీకు ఒంట్లో నలతగా ఉన్నదనుకోండి. ఇంట్లో పెద్దవారు మిమ్మల్ని వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్తారు. ఆయన వెంటనే మందు చీటీ రాయడు. ముందు చేయి పట్టుకొని నాడి చూస్తాడు. జ్వరం ఎంత ఉన్నదో కొలుస్తాడు. ఎన్ని రోజుల నుండి, ఏ వేళలో ఎక్కువగా ఉంటున్నదని అడుగుతాడు. ఈ లెక్కలన్నీ చూసిన తరువాతనే జబ్బు పేరు చెప్తాడు. నాడి చూడకుండా మందు ఇచ్చే వైద్యుణ్ణి ఎవరైనా నమ్ముతారా?

యంత్రాల సంగతి కూడా అంతే. యంత్రం మందగించినప్పుడు "కొత్తది కొనండి" అనేవారు చాలామంది ఉంటారు. "ముందు కొలిచి చూద్దాం" అనేవారు కొద్దిమంది. ఆ కొద్దిమంది చేసిన ఒక మంచి పనిని గురించి ఈ పాఠంలో తెలుసుకొందాం. ఇది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని పిట్స్‌బర్గ్ నగరంలో 1980లలో జరిగినది.

సమాచార భాండాగారం అంటే ఏమిటి?

ఒక కళాశాలలో వంద కంప్యూటర్లు ఉన్నవనుకోండి. ఎవరి పాఠాలు, ఎవరి పత్రాలు వారి కంప్యూటరులోనే దాచుకొంటే రెండు ఇబ్బందులు వస్తాయి. ఈ గదిలో రాసినది ఆ గదిలో చదవడానికి వీలుండదు. ఒక యంత్రం చెడిపోతే అందులోని రాతలన్నీ పోతాయి. అందువల్ల అందరి ఫైళ్లను ఒక పెద్ద యంత్రంలో భద్రపరచి, తీగల ద్వారా అందరికీ అందేటట్లు ఏర్పాటు చేస్తారు. ఫైళ్లను దాచి అడిగినవారికి అందించే ఆ యంత్రాన్ని సర్వర్ అంటారు. ఈ మొత్తం ఏర్పాటుకు నెట్‌వర్క్ స్టోరేజ్ అని పేరు. మనం దీనిని సమాచార భాండాగారం అని పిలుచుకొందాం.

నేడు ఇటువంటి భాండాగారాలు లేని చోటు లేదు. ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రే చిత్రం, బ్యాంకులో మీ నాన్నగారి ఖాతా, స్కాన్ చేసి దాచిన పాత తెలుగు పుస్తకం, ఇవన్నీ ఇటువంటి చోట్లనే ఉంటాయి. శస్త్రచికిత్సకు సిద్ధమైన వైద్యుని ముందు ఎక్స్‌రే చిత్రం సకాలంలో తెర మీదికి రాకపోతే ఎంత ఇబ్బందో ఊహించండి. కాబట్టి భాండాగారం వేగం అనేది కేవలం యంత్ర నిపుణుల ముచ్చట కాదు. అది దాని మీద ఆధారపడిన మనుషుల పని.

మీరు ఒక ఫైలు తెరిచినప్పుడు మీ కోరిక నాలుగు మజిలీలు దాటవలసి ఉంటుంది. మొదటిది మీ సొంత కంప్యూటరు. రెండవది తీగ, అనగా నెట్‌వర్క్. మూడవది సర్వర్‌లోని ఆలోచించే భాగం, దానిని ప్రాసెసర్ అంటారు. నాలుగవది ఫైలు నిజంగా దాగి ఉన్న డిస్కు. ఆలస్యం ఈ నాలుగింటిలో ఎక్కడైనా జరగవచ్చు. కూర్చున్నవానికి మాత్రం అన్నీ ఒకే విధంగా కనబడతాయి. "కంప్యూటరు నెమ్మదిగా ఉన్నది" అని మాత్రమే అతడు చెప్పగలడు. ఏ మజిలీలో ఆగిపోయినదో చెప్పవలసినది కొలత.

పిట్స్‌బర్గ్‌లో జరిగిన ప్రయత్నం

పిట్స్‌బర్గ్ పేరు తెలుగువారికి కొత్తది కాదు. అమెరికాలో మొదట వెలసిన వేంకటేశ్వరస్వామి ఆలయాలలో ఒకటి ఆ నగరం పక్కనే పెన్ హిల్స్‌లో ఉన్నది. దానిని 1970లలో కట్టారు. ఆ నగరంలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఉన్నది. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1969లో ఆ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరారు. యంత్రానికి మనిషి మాట అర్థమయ్యేటట్లు చేయడం వంటి పరిశోధనలకు ఆయన 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందారు. తరువాతి కాలంలో పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి దాచే మహా ప్రయత్నానికి కూడా ఆయన ముందు నిలిచారు. అందులో మన తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి.

మనం చెప్పుకోబోయే పని రాజ్ రెడ్డి గారిది కాదు. అదే విశ్వవిద్యాలయంలో మరొక బృందం చేసినది. 1980ల తొలి భాగంలో విశ్వవిద్యాలయమూ, ఐ.బి.ఎం. సంస్థా కలిసి ఒక పని చేపట్టాయి. విద్యార్థులు, అధ్యాపకులు ఏ గదిలో కూర్చున్నా తమ ఫైళ్లు తమకు కనబడాలి. చివరకు 5,000కు పైగా కంప్యూటర్లు ఒకే భాండాగారాన్ని వాడుకోగలగాలి. ఇది వారి లక్ష్యం. దీనికి ఆండ్రూ అని పేరు పెట్టారు. విశ్వవిద్యాలయానికి పేరు ఇచ్చిన ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్ అనే ఇద్దరి పేర్లలోనూ మొదటి మాట అదే. ఈ బృందంలో మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన మహాదేవ్ సత్యనారాయణన్ ముఖ్యులలో ఒకరు.

వారు మొదట చిన్న నమూనా తయారు చేశారు. సుమారు 100 కంప్యూటర్లు, 6 సర్వర్లు, దాదాపు 400 మంది వాడేవారు. ఇందులో ఒక మంచి ఉపాయం ఉన్నది. విద్యార్థి ఫైలు తెరవగానే ఆ ఫైలు మొత్తం సర్వర్ నుండి అతని కంప్యూటరుకు వస్తుంది. అక్కడి చిన్న డిస్కులో దాని నకలు ఉంటుంది. రేపు మళ్లీ ఆ ఫైలు కావలసివస్తే సర్వర్ నుండి మోసుకొని రానక్కరలేదు. దగ్గర ఉన్న నకలునే చదువుకోవచ్చు. ఈ విధంగా దగ్గర ఉంచుకొనే నకళ్ల కొట్టును కాష్ అంటారు. కావలసిన ఫైలు నూటికి 80 సార్లకు పైగా దగ్గరి కొట్టులోనే దొరికేది.

ఇంత మంచి ఏర్పాటు ఉన్నా నమూనా నెమ్మదిగానే నడిచింది. ఒక సర్వర్ సుమారు 20 కంప్యూటర్లకు సేవ చేసేసరికి అలసిపోయేది. నమూనా కంప్యూటరు మీద పని చేస్తే, అన్ని ఫైళ్లు సొంతంగా ఉంచుకొన్న కంప్యూటరు కంటే నూటికి 70 వంతులు ఎక్కువ సమయం పట్టేది. 100 కంప్యూటర్లకే ఇట్లా ఉంటే 5,000కు ఎట్లా?

లెక్కలు ఏమి చెప్పాయి?

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. మీరే ఆ పనికి బాధ్యులైతే ఏమి చేసేవారు? "ఫైళ్లు డిస్కులో ఉంటాయి కదా, డిస్కు నెమ్మదిగా ఉండి ఉంటుంది, పెద్ద డిస్కులు కొందాం" అని అనిపించడం సహజం. లేదా "తీగ చాలడం లేదు" అనిపించవచ్చు.

ఆండ్రూ బృందం ఊహతో సరిపెట్టుకోలేదు. సర్వర్‌కు ఏయే రకం పిలుపులు ఎన్నెన్ని వస్తున్నవో లెక్క పెట్టారు. ప్రాసెసర్ ఎంతసేపు పనిలో ఉన్నది, డిస్కు ఎంతసేపు పనిలో ఉన్నది అని విడివిడిగా కొలిచారు. 1988లో ఆ లెక్కలను లోకానికి ప్రకటించారు. అవి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

సర్వర్‌కు వచ్చే ప్రతి పది పిలుపులలో ఆరుకు పైగా ఒకే ప్రశ్న: "నా దగ్గర ఉన్న నకలు ఇంకా చెల్లుతుందా, లేక అసలు ఫైలు మారిపోయినదా?" మరొక నాలుగవ వంతుకు పైగా పిలుపులు ఇటువంటివి: "ఈ ఫైలు ఎంత పెద్దది, ఎప్పుడు మార్చారు?" ఈ రెండు రకాలూ కలిపితే పదింట దాదాపు తొమ్మిది. నిజంగా ఫైలు తీసుకొని వెళ్లే పిలుపులూ, ఫైలు తిరిగి దాచే పిలుపులూ కలిపినా నూటికి ఆరు మాత్రమే!

అంటే భాండాగారం తన కాలాన్ని ఫైళ్లు అందించడంలో గడపడం లేదు. ప్రశ్నలకు జవాబు చెప్పడంలో గడుపుతున్నది. డిస్కులు అంత తొందరలో లేవు. అలసిపోతున్నది ప్రాసెసర్. అది కూడా రెండు కారణాల వల్ల. ప్రతి కంప్యూటరుకూ సర్వర్‌లో ఒక సేవకుణ్ణి విడిగా నియమించినట్లు ఏర్పాటు చేశారు. ఆ సేవకులు ఒకరి తరువాత ఒకరు పీట మీద కూర్చుని లేవడంలోనే ప్రాసెసర్ కాలం పోతున్నది. రెండవది, ఫైలు పూర్తి పేరును మొదటి నుండి చివరి దాకా వెతికే పని కూడా సర్వర్ మీదనే పడుతున్నది.

ఇంకొక సంగతి కూడా బయటపడింది. ఆరు సర్వర్లూ సమానంగా పని చేయడం లేదు. కొన్ని ఊపిరాడక ఉంటే కొన్ని తీరికగా ఉన్నాయి. ఆరింటి సగటు చూస్తే ఈ తేడా కనబడదు. ఒక్కొక్కదాని లెక్క విడిగా చూడబట్టి తెలిసింది.

ఆ సమయంలో పెద్ద డిస్కులు కొని ఉంటే ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరు అయి ఉండేది.

గ్రంథాలయం కథ

ఆ బృందం కనిపెట్టిన మార్గాన్ని ఒక పోలికతో చెప్పుకొందాం.

మీ ఊరి గ్రంథాలయంలోని ఒక పుస్తకానికి నకలు రాసుకొని ఇంట్లో పెట్టుకొన్నారు. అయితే గ్రంథాలయంలోని అసలు ప్రతిలో ఎవరైనా దిద్దుబాటు చేసి ఉండవచ్చు కదా అని మీకు అనుమానం. అందువల్ల నకలు తెరిచే ముందు ప్రతిసారీ గ్రంథాలయానికి పరుగెత్తి, "అయ్యా, ఆ పుస్తకం మారిందా?" అని అడుగుతున్నారు. ఆయన "లేదు నాయనా" అంటాడు. మీరు తిరిగి వస్తారు. ఊరిలో వందమంది పిల్లలు ఇదే విధంగా రోజుకు పదిసార్లు పరుగెత్తితే గ్రంథాలయాధికారి పని ఏమవుతుంది? రోజంతా "లేదు, లేదు" అని చెప్పడంతోనే సరిపోతుంది. నిజంగా పుస్తకం కావలసి వచ్చినవాడు గుమ్మం బయట నిలబడవలసి వస్తుంది.

ఒకనాడు గ్రంథాలయాధికారి ఇట్లా అన్నాడు: "పిల్లలూ! ఎవరెవరి దగ్గర ఏయే నకళ్లు ఉన్నవో నేను రాసి పెట్టుకొంటాను. అసలు పుస్తకం మారినప్పుడు నేనే కబురు పంపిస్తాను. కబురు రానంతవరకు నిశ్చింతగా చదువుకోండి."

అంతే! పరుగులన్నీ ఆగిపోయాయి.

ఆండ్రూ బృందం చేసినది సరిగ్గా ఇదే. నకలు ఇచ్చేటప్పుడే సర్వర్ ఒక మాట ఇస్తుంది. ఫైలు మారితే తానే తెలియజేస్తుంది. దీనితోపాటు విడి సేవకుల ఏర్పాటు తీసివేసి ఒక్క సేవకునితోనే అనేకుల పని నడిపించారు. పేరు వెతికే భారాన్ని విద్యార్థుల కంప్యూటర్లకు పంచారు. బరువెక్కిన సర్వర్ నుండి తీరికగా ఉన్న సర్వర్‌కు ఫైళ్ల సముదాయాలను సులువుగా మార్చే వీలు కల్పించారు.

అయితే మాట ఇచ్చినవాడికి బాధ్యత పెరుగుతుంది. ఎవరికి ఏ మాట ఇచ్చాడో సర్వర్ గుర్తు పెట్టుకోవాలి. తీగ తెగిపోయినా, సర్వర్ ఆగి మళ్లీ మొదలైనా కంప్యూటర్లు పాత మాటను నమ్మకుండా మరల అడిగి సరిచూసుకోవాలి. ఏ సౌకర్యమూ ఊరకే రాదు.

ఫలితం కూడా కొలిచారు

మార్పు చేసి "బాగున్నది" అనుకొని వారు ఊరుకోలేదు. అదే పనిని మళ్లీ చేయించి మళ్లీ కొలిచారు. మునుపు నూటికి 70 వంతుల ఆలస్యం ఉన్నచోట ఇప్పుడు 19 వంతులే ఉన్నది. ఒక సర్వర్ 20 మందికి బదులు కనీసం 50 మందికి సేవ చేయగలదని అంచనా వేశారు.

సన్ మైక్రోసిస్టమ్స్ అనే కాలిఫోర్నియా సంస్థ 1984లో రూపొందించిన ఎన్.ఎఫ్.ఎస్. అనే మరొక పద్ధతితో కూడా పోల్చి చూశారు. వాడేవారు తక్కువగా ఉన్నప్పుడు ఎన్.ఎఫ్.ఎస్. కొంచెం వేగంగా ఉన్నది. రద్దీ పెరిగేకొద్దీ అది త్వరగా మందగించింది, ఆండ్రూ నిలకడగా నడిచింది. తీరిక వేళలో చేసిన కొలత ఒక జవాబు చెప్తే, రద్దీ వేళలో చేసిన కొలత మరొక జవాబు చెప్పింది. బండి బలం తెలియాలంటే ఖాళీ బండిని తోలి చూస్తే చాలదు కదా!

ఎన్.ఎఫ్.ఎస్. కూడా ఆగిపోలేదు. అది లోకమంతటా వ్యాపించింది. దాని నాలుగవ రూపంలో సర్వర్ ఇటువంటి మాట ఇచ్చే ఏర్పాటు చేర్చారు. ఒక బృందం శ్రద్ధగా పెట్టిన లెక్క అందరికీ ఉపయోగపడింది.

చూడవలసిన కొలతలు

ఇప్పుడు ఏ భాండాగారానికైనా నాడి చూసే పద్ధతి నేర్చుకొందాం. ముఖ్యమైన కొలతలు నాలుగు.

మొదటిది త్రూపుట్. సెకనుకు ఎంత సమాచారం అందుతున్నదో ఇది చెప్తుంది. దీనిని మెగాబైట్లలో కొలుస్తారు. రెండవది సెకనుకు ఎన్ని అభ్యర్థనలు పూర్తి అవుతున్నవనే సంఖ్య. మూడవది జాప్యం. ఒక అభ్యర్థన బయలుదేరినది మొదలు జవాబు వచ్చేవరకు పట్టిన కాలం. దీనిని మిల్లీసెకన్లలో, అనగా సెకనులో వెయ్యవ వంతులలో కొలుస్తారు. నాలుగవది ఒత్తిడి. యంత్రం నూటికి ఎన్ని వంతుల కాలం పనిలో ఉన్నదో ఇది చెప్తుంది.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానిని చూసినా మోసపోతాం. గుడి దగ్గర వరుసను తలచుకోండి. గుడి అధికారి "గంటకు 600 మందికి దర్శనం చేయిస్తున్నాం" అంటాడు. అది త్రూపుట్ వంటిది. భక్తుడు "మూడు గంటలు నిలబడ్డాను" అంటాడు. అది జాప్యం. ఇద్దరూ చెప్పినది నిజమే. రెండింటినీ గుణిస్తే వరుసలో ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది: 600 ను 3 తో గుణిస్తే 1,800 మంది. ఈ సూత్రానికి జాన్ లిటిల్ అనే అమెరికా శాస్త్రవేత్త 1961లో నిరూపణ ప్రకటించాడు. అందుచేత దీనిని లిటిల్ సూత్రం అంటారు. భాండాగారానికి కూడా ఇదే లెక్క. సెకనుకు 200 అభ్యర్థనలు పూర్తి అవుతూ, ఒక్కొక్కదానికి సెకనులో ఇరవయ్యవ వంతు పడుతుంటే, ఏ క్షణంలో చూసినా సగటున 10 అభ్యర్థనలు లోపల ఉంటాయి.

త్రూపుట్ తక్కువగా ఉన్నదంటే యంత్రం తీరికగా ఉన్నదని అనుకోరాదు. ఒక ఉదాహరణ చూడండి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8 మిల్లీసెకన్లకు కొంచెం పైన పడుతుంది. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం, సుమారు 4 మిల్లీసెకన్లు. ముల్లు ఒక చోటి నుండి మరొక చోటికి జరగడానికి సుమారు 8. మొత్తం 12. ఈ లెక్కన సెకనుకు సుమారు 80 అభ్యర్థనలు మాత్రమే తీర్చగలదు. అభ్యర్థనలు ఒకచోట కాక చెల్లాచెదురుగా ఉండి, ఒక్కొక్కటి 4 కిలోబైట్లే అయితే త్రూపుట్ ఎంత? సెకనుకు 320 కిలోబైట్లు! సెకనుకు 125 మెగాబైట్లు మోయగల తీగ మీద ఇది చుక్క వంటిది. తీగ లెక్క చూసినవాడు "ఏ పనీ జరగడం లేదు" అంటాడు. డిస్కు మాత్రం క్షణం తీరిక లేక తిరుగుతున్నది. నేడు చాలాచోట్ల తిరిగే పళ్లెం లేని ఫ్లాష్ డిస్కులు వచ్చాయి. అవి వేల అభ్యర్థనలు తీర్చగలవు. అయినా సంఖ్యలు మారాయి కాని చూసే పద్ధతి మారలేదు.

ఒత్తిడి సంగతి కూడా గమనించండి. సేవ చేసే కిటికీ ఒక్కటే అయి, వచ్చేవారు వేళ తప్పి ఎప్పుడంటే అప్పుడు వస్తున్నప్పుడు, సేవకు పట్టే కాలం కూడా అట్లాగే మారుతూ సగటున 10 మిల్లీసెకన్లు ఉన్నదనుకొందాం. కిటికీ సగం సేపే పనిలో ఉంటే జాప్యం సగటున 20 అవుతుంది. నూటికి 90 వంతులు పనిలో ఉంటే 100 అవుతుంది. 95 అయితే 200! చివరి కొద్ది వంతులలోనే జాప్యం కొండలా పెరుగుతుంది. అందుకే తెలిసినవారు యంత్రాన్ని గొంతుదాకా నింపరు.

సగటు చేసే మోసం

నూరు అభ్యర్థనలలో 99 రెండేసి మిల్లీసెకన్లలో పూర్తి అయ్యాయి. ఒక్కటి మాత్రం 802 మిల్లీసెకన్లు పట్టింది. సగటు ఎంత? లెక్క కట్టండి. 10 మిల్లీసెకన్లు. ఈ నూరింటిలో ఏ ఒక్కదానికైనా 10 మిల్లీసెకన్లు పట్టిందా? లేదు! సగటు ఎవరి అనుభవమూ కాదు. విసిగిపోయిన ఆ ఒక్కని బాధ సగటులో మునిగిపోయింది.

సన్ మైక్రోసిస్టమ్స్ వారు 2008లో విడుదల చేసిన ఒక భాండాగారంలో ప్రతి క్షణంలోని జాప్యాలను సగటు చేయకుండా, ఎన్ని అభ్యర్థనలకు ఎంత కాలం పట్టిందో చుక్కలుగా చిత్రించి చూపే ఏర్పాటు ఉన్నది. ఆ సంవత్సరం చివర అక్కడి ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ ఒక వింత పరీక్ష చేశాడు. పని చేస్తున్న డిస్కుల ముందు నిలబడి గట్టిగా అరిచాడు. వెంటనే చిత్రంలో కొన్ని చుక్కలు పైకి లేచాయి. అరుపు వల్ల కలిగిన అదురుకు ముల్లు కుదురుగా నిలవలేక కొన్ని అభ్యర్థనలు ఆలస్యమయ్యాయి. ఆ దృశ్యాన్ని లోకమంతా చూసింది. నవ్వు తెప్పించే సంగతే అయినా అందులో నీతి ఉన్నది. కొలత సన్నగా ఉంటే మనిషి అరుపు కూడా దొరుకుతుంది. కొలత మొద్దుగా ఉంటే రోజంతా జరిగే నష్టం కూడా దొరకదు.

ఆరోగ్యంగా ఉన్ననాడే చూడాలి

చివరిగా ఒక ముఖ్యమైన సంగతి. జబ్బు చేసిన నాడు మాత్రమే నాడి చూస్తే, అది మామూలుకంటే వేగంగా ఉన్నదో లేదో ఎట్లా తెలుస్తుంది? మామూలు ఎంతో ముందే తెలిసి ఉండాలి. భాండాగారాన్ని చూసుకొనేవారు ప్రతిరోజూ, ప్రతి కొద్ది నిమిషాలకూ ఈ సంఖ్యలను రాసి ఉంచే ఏర్పాటు చేసుకోవాలి. సోమవారం ఉదయం రద్దీ ఎంత, రాత్రి నకళ్లు తీసే వేళ ఎంత, నెలాఖరులో ఎంత అని తెలిసి ఉండాలి. యూనిక్స్, లినక్స్ వంటి వ్యవస్థలలో డిస్కుల లెక్క చెప్పడానికి ఐఓస్టాట్ అనే సాధనం ఉన్నది. ఎన్.ఎఫ్.ఎస్. పిలుపులను రకాలవారీగా లెక్కించి చూపే ఎన్ఎఫ్ఎస్‌స్టాట్ అనే సాధనం ఉన్నది. ఆండ్రూ బృందం 1980లలో శ్రమపడి వేసిన పట్టిక వంటిదే నేడు ఒక్క ఆజ్ఞతో తెర మీద కనబడుతుంది. చూసే శ్రద్ధ మాత్రం మనం తెచ్చుకోవాలి.

పట్టిక చూసేటప్పుడు ఈ వరుసలో ప్రశ్నించుకోండి. ఎంత పని జరుగుతున్నది? ఏ రకం పని జరుగుతున్నది? ఒక్కొక్క దానికి ఎంత కాలం పడుతున్నది? అందరికీ అంతే పడుతున్నదా, కొందరికే ఎక్కువ పడుతున్నదా? నాలుగు మజిలీలలో ఏది అలసిపోయింది? నిన్నటికీ నేటికీ ఏమి మారింది? ఈ ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతనే ఏమి కొనాలో, ఏమి మార్చాలో నిర్ణయించాలి.

విద్యార్థులారా! ఈ పాఠం యంత్రాలకే పరిమితం కాదు. ఒక పని ఎందుకు ఆలస్యమవుతున్నదని అడిగితే మనలో చాలామంది ఎవరినో ఒకరిని వేలెత్తి చూపుతారు. పిట్స్‌బర్గ్‌లోని ఆ బృందం వేలెత్తి చూపలేదు. వేళ్లు మడిచి లెక్క పెట్టింది. మోయవలసిన బరువు పెద్దది కాదనీ, అనవసరమైన పరుగులు ఎక్కువనీ కనిపెట్టింది. మీరు పెద్దవారై ఏ ఉద్యోగంలో ఉన్నా, ఒక పని నెమ్మదిగా సాగుతున్నప్పుడు ముందు ఒక కాగితం తీసుకొని లెక్క పెట్టండి. మందు తరువాత, నాడి ముందు.

కొత్త మాటలు

భాండాగారం : విలువైన వస్తువులు దాచే చోటు
మజిలీ : ప్రయాణంలో ఆగే చోటు
నమూనా : పెద్ద పనికి ముందు చేసి చూసే చిన్న రూపం
జాప్యం : ఆలస్యం, అడిగినది మొదలు జవాబు వచ్చేవరకు పట్టే కాలం
కాష్ : మాటిమాటికీ కావలసిన వాటి నకళ్లు దగ్గర ఉంచుకొనే చోటు
త్రూపుట్ : నిర్ణీత కాలంలో పూర్తి అయిన పని పరిమాణం
ఒత్తిడి : యంత్రం పనిలో ఉన్న కాలం నూటికి ఎన్ని వంతులో తెలిపే కొలత

ప్రశ్నలు

1. ఒక ఫైలు తెరవడానికి దాటవలసిన నాలుగు మజిలీలు ఏవి?
2. ఆండ్రూ నమూనాలో సర్వర్‌కు ఎక్కువగా వచ్చిన పిలుపులు ఎటువంటివి? వాటిని ఎట్లా తగ్గించారు?
3. సర్వర్ "మాట ఇవ్వడం" వల్ల కలిగే లాభం, దానితో వచ్చే బాధ్యత రాయండి.
4. త్రూపుట్ తక్కువగా ఉన్నా డిస్కు అలసిపోవచ్చు. ఎందుకు? పాఠంలోని లెక్కతో వివరించండి.
5. ఒక సర్వర్ సెకనుకు 500 అభ్యర్థనలు పూర్తి చేస్తున్నది. ఒక్కొక్కదానికి 20 మిల్లీసెకన్లు పడుతున్నది. ఏ క్షణంలోనైనా సగటున ఎన్ని అభ్యర్థనలు లోపల ఉంటాయి?
6. "సగటు ఎవరి అనుభవమూ కాదు." ఈ వాక్యాన్ని మీ మాటలలో ఐదు పంక్తులలో వివరించండి.

చేసి చూడండి

మీ పాఠశాలలో మంచినీటి కుళాయి దగ్గర విరామ సమయంలో ఒకరు గడియారంతో నిలబడండి. పది నిమిషాలలో ఎంతమంది నీళ్లు తాగారో, ఒక్కొక్కరు ఎంతసేపు వరుసలో ఉన్నారో రాయండి. వారం రోజులు ఇట్లా రాసి పట్టిక వేయండి. అందరికంటే ఎక్కువసేపు ఆగినవారు ఎవరు, ఏ తరగతివారు? వారి ఆలస్యానికి కారణం కుళాయా, వరుసా, మరేదైనానా? మీ పట్టికను తరగతిలో చదివి, కారణం గురించి చర్చించండి.